పరిగె లేని పొలం: పావగడ నేల అడుగుతున్న ప్రశ్న
(యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మాకు ఇచ్చిన అంశం: "భూమిని బాగా వాడినవారిని గుర్తించడం, గౌరవించడం." వినగానే మాకు కొంచెం నవ్వొచ్చింది. సామాజిక న్యాయం గురించి మాట్లాడుకునే చోట రియల్ ఎస్టేట్ అవార్డుల సంగతి ఎందుకు అనిపించింది. బెంగళూరులోనో హైదరాబాదులోనో పెద్ద హోటల్లో సభ పెడతారు. ఉత్తమ టౌన్‌షిప్, ఉత్తమ హరిత భవనం, ఉత్తమ వాణిజ్య సముదాయం అని షీల్డులు ఇస్తారు. ఫొటోలు తీస్తారు. ఆ ఫొటోలో గోడ కట్టిన మేస్త్రీ ఉండడు, ఇటుకలు మోసిన అక్క ఉండదు. వాళ్ళు అప్పటికే ఇంకో సైటుకు పోయి ఉంటారు.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే ఇది చిన్న విషయం కాదని తెలిసింది. లోకం దేన్ని మెచ్చుకుంటుందో రేపు అదే ఎక్కువగా కట్టబడుతుంది. బడిలో మార్కులు దేనికి వేస్తారో పిల్లలు దాన్నే చదివినట్టు. కాబట్టి బహుమతి ఎవరికి ఇచ్చారన్న దానికంటే ముందు, దేనికి మార్కులు వేశారని అడగాలి. ఆ ప్రశ్న అడగడానికి మనం పెద్ద నగరానికి పోనక్కర్లేదు. పావగడ దాకా పోతే చాలు.

పావగడ మనకు పరాయి ఊరు కాదు. కర్ణాటకలో తుమకూరు జిల్లా తాలూకా అది. కానీ దాదాపు అన్ని వైపులా ఆంధ్రప్రదేశే చుట్టుకుని ఉంటుంది. ఇటు మడకశిర, అటు పెనుకొండ, కళ్యాణదుర్గం వైపు ఊళ్ళు. ఆఫీసులో కన్నడం, ఇంట్లో తెలుగు. పహణి కన్నడంలో ఉంటుంది, పొలం గట్టు మీద తగాదా తెలుగులో నడుస్తుంది. వేరుశనగ, రాగి, కంది వేసుకుని ఆకాశం వైపు చూసే నేల అది. గత అరవై ఏళ్ళలో 54 ఏళ్ళు కరువు తాలూకాగా ప్రకటించారని వార్తల్లో తరచూ చదువుతుంటాం. బోర్లు ఎండాయి. దొరికిన నీళ్ళలో ఫ్లోరైడ్. ఊరు ఊరంతా మూట కట్టుకుని బెంగళూరు పనులకు పోయింది. అక్కడ మెరిసే అపార్టుమెంట్లలో ఎన్నింటికి మన ప్రాంతం చేతులు సిమెంటు కలిపాయో ఏ షీల్డు మీదా రాసి ఉండదు.

అలాంటి నేల మీద ఇప్పుడు ఒక కొత్త పంట ఉంది. నాగలమడక హోబళిలో తిరుమణి, వళ్ళూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు అనే అయిదు ఊళ్ళ పరిధిలో సుమారు 13,000 ఎకరాల్లో సౌర విద్యుత్ పార్కు వేశారు. దానికి శక్తి స్థల అని పేరు పెట్టారు. 2015లో కేంద్ర, రాష్ట్ర సంస్థలు కలిసి ఒక కంపెనీగా ఏర్పడి పని మొదలుపెట్టాయి. 2018 మార్చి 1న అప్పటి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ప్రారంభించారు. 2019 డిసెంబరు నాటికి 2,050 మెగావాట్ల పూర్తి సామర్థ్యానికి చేరింది. ప్రపంచంలోని అతి పెద్ద సౌర పార్కుల్లో అది ఒకటి. ఆ దారిన పోతూ చూస్తే కనుచూపు మేర నల్లటి పలకలే, మధ్యలో కంచెలు. పేరులోనే మడక వినిపించే హోబళిలో ఇప్పుడు అన్ని వేల ఎకరాల్లో మడక దిగదు.

ముందు మంచి చెప్పుకుందాం. మెచ్చుకోవాల్సింది మెచ్చుకోకుండా తప్పులు మాత్రమే ఎత్తిచూపితే అది న్యాయం కాదు.

ఈ పార్కు కోసం ప్రభుత్వం రైతుల భూమిని లాక్కోలేదు, కొనలేదు. కౌలుకు తీసుకుంది. సుమారు 2,300 మంది రైతులు పాతికేళ్ళకు పైబడిన కౌలుకు తమ భూములు ఇచ్చారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు. పట్టా రైతు పేరు మీదే ఉంటుంది. ఊళ్ళు ఖాళీ చేయించలేదు, ఇళ్ళు కూల్చలేదు. మన దేశంలో పెద్ద ప్రాజెక్టు అనగానే ముంపు, పునరావాసం, తరలింపు గుర్తొస్తాయి. అవి లేకుండా ఇంత పెద్ద పని జరగడం చిన్న విషయం కాదు. వాన పడినా పడకపోయినా ఇంటికి డబ్బు వస్తుందన్న ధైర్యం, యాభై ఏళ్ళ కరువు చూసిన రైతుకు ఎంత పెద్దదో బయటివాళ్ళకు తెలియదు. అయిదు ఎకరాలున్న ఇంటికి ఏడాదికి 1,05,000 రూపాయలు. నెలకు 8,750. విత్తనం అప్పు లేదు, పురుగుమందు అప్పు లేదు. కాబట్టి దేశమంతా దీన్ని మంచి నమూనా అని చెప్పుకోవడంలో నిజం ఉంది.

ఇక రెండో వైపు చూద్దాం.

లేవీయకాండంలో దేవుడు రైతుకు ఒక మాట చెప్తాడు. పంట కోసేటప్పుడు పొలం అంచుల దాకా కోయవద్దు, రాలిన పరిగె నువ్వే ఏరుకోవద్దు, అవి పేదవాడివి, పరదేశివి అని. గమనించండి, దానం చేయమని చెప్పడం లేదు. ఆ అంచు వాళ్ళదే అంటున్నాడు. పొలం సొంతదారుడిదే అయినా పొలం మీద బతికే హక్కు అతనొక్కడిదే కాదు. ఆ పరిగె వల్లే రూతు బతికింది, అత్తను బతికించింది. బోయజు పొలం చుట్టూ ముళ్ళకంచె, గేటు దగ్గర కాపలాదారుడు ఉండి ఉంటే రూతు కథ మొదటి రోజే ముగిసేది.

పావగడలో కౌలు డబ్బు పహణిలో పేరున్నవాళ్ళకు వస్తుంది. మరి పహణిలో పేరు లేనివాళ్ళు? కలుపు తీసిన, కాయలు వలిచిన కూలీ ఆడవాళ్ళకు ఆ కౌలులో పైసా లేదు. కోత అయ్యాక బీళ్ళలో గొర్రెలు తోలుకున్న కాపరికి లేదు. వేరొకరి పొలం గుత్తకు చేసుకున్నవాడికి లేదు. ఏళ్ళ తరబడి ప్రభుత్వ భూమిని సాగు చేసుకుంటూ కాగితం కోసం ఎదురుచూసిన బగర్ హుకుం రైతు చేతిలో హక్కు చూపించే కాగితమే లేదు. తాత పేరు మీదే ఉండిపోయిన ఖాతాలో మనవళ్ళ వాటా తేలాలంటే ఏళ్ళు తిరగాలి. భూమి ఎక్కువగా మగవాళ్ళ పేరు మీదే ఉంటుంది కాబట్టి, పొలంలో సగం పని చేసిన ఇల్లాలి చేతికి కౌలు డబ్బు నేరుగా రాదు. భూమి లేని కూలీలకు పని పోయిందని, పార్కులో దొరికే కాపలా, గడ్డి కోత, పలకలు తుడిచే పనులు అందరికీ చాలవని పత్రికలు, పరిశోధకులు పలుమార్లు రాశారు. పావగడ అసెంబ్లీ స్థానం షెడ్యూల్డు కులాలకు కేటాయించినదని మీకు తెలుసు. ఆ తాలూకాలో భూమి లేని కూలీ అంటే ఎక్కువగా ఎవరో మేము వేరే చెప్పనక్కర్లేదు.

ఇది ఎవరో ఒక దుర్మార్గుడు చేసిన పని అని మేము అనడం లేదు. చట్టం కట్టిన తీరులోనే ఆ సందు ఉంది. దాన్ని మీరు జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి.

2013 భూసేకరణ చట్టం తెలుసు కదా. భూమి తీసుకునే ముందు దాని సామాజిక ప్రభావం అంచనా వేయాలని ఆ చట్టం చెప్తుంది. "బాధిత కుటుంబం" అంటే భూయజమాని మాత్రమే అని అది అనలేదు. సేకరణకు ముందు మూడేళ్ళుగా ఆ నేలను నమ్ముకుని ప్రధానంగా దాని మీదే బతికిన వ్యవసాయ కూలీ, కౌలుదారు, చేతివృత్తివాడు కూడా బాధితులే అంది. ఎన్నో ఏళ్ళ పోరాటాల తర్వాత వచ్చిన మాట అది. కానీ ఆ చట్టం భూసేకరణకు వర్తిస్తుంది. రైతు ఇష్టపడి కౌలుకు ఇస్తే అది సేకరణ కాదు. సేకరణ కానప్పుడు ఆ అంచనా అక్కర్లేదు, కూలీల లెక్కా అక్కర్లేదు. సౌర పలకల ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి కూడా అవసరం లేదు. చూశారా? రైతుకు మేలు చేసిన గుణమే, అంటే కొనకుండా కౌలుకు తీసుకోవడమే, కూలీని లెక్కలోంచి తీసేసింది.

రైతు సంగతి కూడా ఒకసారి లెక్క వేసి చూద్దాం. రెండేళ్ళకు 5 శాతం అంటే ఏడాదికి రెండున్నర శాతం కూడా పూర్తిగా కాదు. ధరల పెరుగుదలను 4 శాతం దగ్గర ఉంచాలని రిజర్వు బ్యాంకుకు పెట్టిన లక్ష్యం. ఆ లక్ష్యం ప్రకారమే ధరలు పెరిగాయనుకోండి. 24 ఏళ్ళ తర్వాత కౌలు 21,000 నుంచి సుమారు 37,700 అవుతుంది. కానీ మొదటి ఏడాది 21,000కు వచ్చిన సరుకు కొనడానికి అప్పుడు దాదాపు 53,800 కావాలి. అంటే చేతికొచ్చే అంకె పెరుగుతుంది, సంచిలోకి వచ్చే బియ్యం తగ్గుతుంది. కౌలు మొదలైననాడు ఇరవై ఏళ్ళున్న రైతు కొడుక్కి అది ముగిసేనాటికి నలభై అయిదు దాటుతుంది. మడక పట్టడం అతనికి వచ్చి ఉంటుందా?

అప్పుడు ఆ నేల ఏ స్థితిలో తిరిగి వస్తుంది? పలకలు పరిచేటప్పుడు పాత గట్లు, చెట్లు నిలవవు. హద్దురాయి జరపవద్దని ద్వితీయోపదేశకాండం హెచ్చరిస్తుంది. హద్దురాయే మాయమైతే పాతికేళ్ళ తర్వాత అన్నదమ్ములు ఎక్కడ కొలుచుకుంటారు? సిమెంటు దిమ్మెలు, ఇనుప కాళ్ళు పీకేదెవరు? పాడైన పలకలు ఎక్కడికి పోతాయి? మన దేశపు ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాలు 2023 ఏప్రిల్ నుంచి సౌర పలకలను కూడా లెక్కలోకి తీసుకున్నాయి. అది మంచిదే. కానీ నియమం పుస్తకంలో ఉంటే సరిపోదు, తిరుమణిలో అడిగేవాడు ఉండాలి.

లేవీయకాండం 25వ అధ్యాయాన్ని మీరు ఈ కళ్ళతో మళ్ళీ చదవండి. అక్కడ భూమి అమ్మకం అని మనం అనుకునేది నిజానికి కౌలే. సునాద సంవత్సరం దాకా ఎన్ని పంటలు మిగిలి ఉన్నాయో లెక్కబెట్టి వెల కట్టమంటుంది. ఆ తర్వాత నేల సొంతవాళ్ళకు తిరిగి చేరాలి. భూమి దేవుడిది, మనుషులు అందులో అద్దెకున్నవాళ్ళు. కాబట్టి పావగడ కౌలు పద్ధతి వాక్యానికి ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి. పంటల లెక్క దాకా వచ్చింది. పరిగె దగ్గర ఆగిపోయింది.

సరే, కూలీల లెక్క పెట్టడం సాధ్యమా అని ఎవరైనా అడగొచ్చు. సాధ్యమే. మన తెలుగు నేల మీదే ఉదాహరణ ఉంది. 2015లో అమరావతి రాజధాని కోసం 29 గ్రామాల్లో భూసమీకరణ జరిగింది. రైతులు 30 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. వాళ్ళకు అభివృద్ధి చేసిన ప్లాట్లు, మెట్ట భూమి ఎకరాకు ఏడాదికి 30,000, జరీబు భూమికి 50,000 చొప్పున పదేళ్ళ కౌలు, ఏటా పెంపు అని ఒప్పుకున్నారు. దానితో పాటు భూమి లేని పేద కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను పదేళ్ళు అని రాశారు. అదంతా సవ్యంగా జరిగిందని మేము అనడం లేదు. అసైన్డు భూముల రైతులకు పట్టా రైతులకంటే తక్కువ వాటా అన్నారు. 2019 తర్వాత రాజధాని పనులే ఆగిపోయి ఆ ఊళ్ళు ఎంత నలిగిపోయాయో మనమంతా చూశాం. 2,500తో ఇల్లు గడవదన్నదీ నిజమే. అయినా ఒక సంగతి రుజువైంది. భూమి చేతులు మారేటప్పుడు భూమి లేనివాళ్ళ పేర్ల జాబితా రాయవచ్చు. వాళ్ళకు ఒక లెక్క కట్టవచ్చు. రాయాలన్న మనసు కావాలి.

బహుమతుల లోకంలో కూడా మంచి ఉదాహరణ లేకపోలేదు. ఇండోర్‌లో అరణ్య అనే కాలనీ ఉంది. బాలకృష్ణ దోషి అనే వాస్తుశిల్పి దాన్ని రూపొందించాడు. సుమారు 6,500 ప్లాట్లు, ఎక్కువ భాగం పేదవాళ్ళకు. పేద కుటుంబానికి పూర్తి ఇల్లు కట్టి ఇవ్వలేదు. చిన్న స్థలం, పునాది, మరుగుదొడ్డి, కుళాయి ఇచ్చారు. మిగతాది చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా వాళ్ళే ఒక గది, ఇంకో గది చొప్పున కట్టుకున్నారు. 1995లో ఆ కాలనీకి ఆగాఖాన్ వాస్తుకళా పురస్కారం వచ్చింది. అక్కడ మెచ్చుకున్నది అద్దాల మేడను కాదు, పేదవాడు తన ఇంటిని తానే పెంచుకునే వీలును. అంటే కొలబద్ద మారిస్తే బహుమతి చేరే చోటు కూడా మారుతుంది.

మిగతా చోట్ల సంగతి? అమెరికాలో అర్బన్ ల్యాండ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ 1979 నుంచి ఉత్తమ అభివృద్ధికి అవార్డులు ఇస్తోంది. మన హైదరాబాదులో సీఐఐ హరిత వాణిజ్య కేంద్రం భవనానికి 2003లో లీడ్ ప్లాటినం గుర్తింపు వచ్చింది. అమెరికా బయట ఆ గుర్తింపు పొందిన మొదటి భవనం అదే. ఆ తర్వాత హరిత భవనాలు మన నగరాల్లో వరుస కట్టాయి. కరెంటు ఎంత ఆదా అయింది, నీళ్ళు ఎంత మిగిలాయి అని కొలవడం మంచి పనే. అయితే నగరపు భవనం తన కరెంటు సూర్యుడి నుంచి వస్తోందని మార్కులు వేయించుకున్నప్పుడు, ఆ సూర్యుడు ఎవరి పొలం మీద పడ్డాడని కూడా అడగాలి. కంచె బయట నిలబడిన కూలీ ఆ మార్కుల పట్టికలో ఏ గడిలో ఉంది?

అందుకే భూమి వాడకానికి ఎవరైనా బహుమతి ఇస్తామంటే ఈ అయిదు ప్రశ్నలు ముందు అడగాలని మేము కోరుతున్నాం.

ఒకటి, ఆ నేల మీద ఇంతకుముందు ఎవరెవరు బతికారు? యజమానులు మాత్రమే కాదు, అందరి జాబితా ఉందా?
రెండు, భూమి లేనివాళ్ళకు పోయిన పనిదినాల బదులు ఏం దొరికింది?
మూడు, డబ్బు ఇంట్లో ఎవరి చేతికి చేరింది? ఆడవాళ్ళ సంతకం, ఆడవాళ్ళ ఖాతా ఉన్నాయా?
నాలుగు, ఇచ్చిన మాట ధరలతో పాటు పెరుగుతుందా? గడువు ముగిశాక నేలను దున్నుకునే స్థితిలో తిరిగి ఇచ్చే పూచీ ఎవరిది?
అయిదు, బహుమతి నిర్ణయించే బల్ల దగ్గర ఆ ఊరి కూలీ ఒక్కరైనా కూర్చున్నారా?

ఈ ప్రశ్నలు ఇప్పుడే ఎందుకంటే, పావగడలో పార్కును ఇంకా పెంచాలన్న మాట వినబడుతోంది. రాయలసీమలోనూ ఇలాంటి పార్కులు వచ్చాయి, వస్తాయి. కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ళ వద్ద దాదాపు ఆరు వేల ఎకరాల్లో 1,000 మెగావాట్ల పార్కు 2017లోనే పూర్తయింది. సూర్యుడి కరెంటు మనకు కావాలి. బొగ్గు పొగలో మన పిల్లలు పెరగాలని మేము కోరుకోవడం లేదు. కానీ మొదటి 13,000 ఎకరాల్లో మరిచిపోయినవాళ్ళను తర్వాతి ఎకరాల్లోనైనా ఒప్పందం రాసే రోజునే గుర్తు చేసుకోవాలి. ఒకసారి సంతకాలు అయ్యాక పాతికేళ్ళు ఆగాల్సిందే.

చివరిగా ఒక మాట. ఇది మనకే తగులుతుంది.

ఇతరుల భూమి గురించి ఇంత మాట్లాడిన మనం మన సంఘాల భూముల గురించి ఏం చెప్తాం? మిషనరీల కాలం నుంచి పట్టణాల నడిబొడ్డున మన సంఘాలకు స్థలాలు ఉన్నాయి. బడి కోసం, ఆసుపత్రి కోసం, హాస్టలు కోసం ఇచ్చినవి. వాటిలో కొన్ని ఇప్పుడు షాపింగ్ కాంప్లెక్సులయ్యాయి, కొన్ని కోర్టు కేసులయ్యాయి. నాబోతు ద్రాక్షతోట కథను మనం ఎప్పుడూ అహాబు వైపు వేలు చూపిస్తూ చెప్తాం. తాతల స్వాస్థ్యం అమ్మనన్న నాబోతు స్థానంలో ఉండాల్సిన మనం, బేరం కుదిరితే సంతకం పెట్టేవాళ్ళలా ఎప్పుడు మారామో ఒకసారి అడుక్కోవాలి. పై అయిదు ప్రశ్నలు ముందుగా మన కమిటీల బల్ల మీద పెడదాం. సంఘ స్థలం కౌలుకు ఇచ్చినప్పుడు అందులో పరిగె ఎవరికి మిగిలింది అని అడుగుదాం.

యౌవనస్థులారా, మీలో సివిల్ ఇంజనీరింగు చదివేవాళ్ళున్నారు. బెంగళూరులో బ్యాంకుల్లో, సాఫ్ట్‌వేరులో, రియల్ ఎస్టేట్ కంపెనీల్లో పనిచేసేవాళ్ళున్నారు. మీ పని మానేయమని మేము అనం. మీ చేతికి వచ్చే ప్లాను కాగితం మీద, ఒప్పందం కాగితం మీద ఒక్క అంచు వదలమని అడగండి. ఊరికి పోయినప్పుడు మీ అమ్మ పేరు పహణిలో ఉందో లేదో చూడండి. పక్కింటి అవ్వకు ఏ హక్కు కాగితం రావాలో చదివి చెప్పండి. గ్రామసభ జరిగే రోజు అక్కడ ఉండండి.

బోయజుకు ఎవరూ షీల్డు ఇవ్వలేదు. అతను చేసింది పనివాళ్ళను పిలిచి, ఆమెను అడ్డుకోవద్దు, కొన్ని కంకులు కావాలనే వదలండి అని చెప్పడమే. ఆ ఒక్క మాట వల్ల ఒక పరదేశి ఆడకూతురు ఇంటికి గింజలతో వెళ్ళింది.

పావగడలో కంచె పక్కన నిలబడిన అక్క కూడా సాయంత్రం ఇంటికి గింజలతో వెళ్ళే రోజు వస్తే, ఆ పొలానికి మనమే ముందు చప్పట్లు కొడదాం. అంతవరకు అడుగుతూనే ఉందాం.